వెనక వైపర్ కదలడం లేదా? మోటారు కొనే ముందు ఇవి చూడండి

మన దగ్గర కారు వెనక వైపర్‌కు ఏడాదిలో పని పడేది నాలుగైదు నెలలే. సంక్రాంతి దాటాక దాని ఊసెత్తేవారు ఉండరు. మళ్లీ జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చి, తొలి జల్లుకు వెనక అద్దం మసకబారినప్పుడు స్విచ్చు తిప్పుతారు, అది కదలదు. గ్యారేజీకి తీసుకెళ్తే ముందుగా వినిపించే మాట "మోటారు పోయిందండీ, మార్చాల్సిందే" అని. అంత తక్కువగా తిరిగే మోటారు అరిగిపోయి చెడడం నిజానికి అరుదు. ఎక్కువ సందర్భాల్లో దాని ఇరుసు చిలుముకు బిగుసుకుపోయి ఉంటుంది, లేదా డిక్కీ తలుపులోకి వెళ్లే వైరు లోలోపల తెగి ఉంటుంది. ఓపిక, నాలుగు పనిముట్లు ఉన్నవారు ఈ రెండింటినీ ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు. కాకపోతే వెతకడంలో వరుస తప్పకూడదు. చివర చేయవలసిన పని ముందు చేస్తే బాగున్న భాగాలు కూడా విరుగుతాయి.

హ్యాచ్‌బ్యాక్ కార్లకూ ఎస్‌యూవీలకూ ఈ వైపర్ అలంకారానికి పెట్టింది కాదు. వీటి వెనక భాగం నిటారుగా కోసినట్టు ఉంటుంది కాబట్టి, కారు వేగంగా పోతున్నప్పుడు దాని వెనక గాలి పీడనం తగ్గి సుడులు ఏర్పడతాయి. చక్రాలు లేపిన దుమ్మూ బురద నీళ్లూ ఆ సుడుల్లో పడి తిరిగి వచ్చి వెనక అద్దానికే అంటుకుంటాయి. సెడాన్ కార్లలో అద్దం వాలుగా ఉండి, డిక్కీ దాని వెనక్కి సాగి ఉంటుంది కనుక ఈ బాధ తక్కువ. వాటిలో చాలావాటికి వెనక వైపర్ లేకపోవడానికి కారణం ఇదే.

లోపల ఏముంటుంది

డిక్కీ తలుపు లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ వెనక ఒక చిన్న 12 వోల్టుల మోటారు ఉంటుంది. దాని కొసన ఉన్న మరచుట్టు ఒక పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఒకే దిశలో తిరుగుతూ ఉంటే, దానికి తగిలించిన చిన్న కడ్డీ బయటి ఇరుసును అటూ ఇటూ ఊపుతుంది. ఈ అమరికంతా సాధారణంగా అల్యూమినియం పెట్టెలో ఉంటుంది. ఉక్కు ఇరుసు ఆ పెట్టె మెడలోంచి, డిక్కీ రేకు గుండా గానీ అద్దానికి ఉన్న రంధ్రం గుండా గానీ బయటికి వస్తుంది. దాని కొసన ఉన్న సన్నని పళ్ల మీద వైపర్ చెయ్యి కూర్చుని, నట్టుతో బిగుస్తుంది. పళ్ల చక్రం పక్కనే రాగి రేకులతో చేసిన పార్కింగ్ కాంటాక్టు ఒకటి ఉంటుంది. మీరు స్విచ్చు ఆపినా వైపర్ మధ్యలో నిలిచిపోకుండా తన చోటికి వచ్చి ఆగేది దీని వల్లే. కొన్ని కొత్త కార్లలో మోటారులోనే ఎలక్ట్రానిక్ బోర్డు ఉండి, కారు కంప్యూటరు సంకేతం పంపితేనే తిరుగుతుంది. అలాంటి మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా వైరు తగిలించి పరీక్షించడం కుదరదు.

ముందు వినండి

ఏ పనిముట్టూ తీయక ముందే సగం రోగం చెవికి తెలిసిపోతుంది. అద్దాలు ఎత్తి, ఏసీ ఫ్యాను, రేడియో ఆపి, ఇంజను నడపకుండా తాళం మాత్రం ఆన్ చేయండి. వెనక అద్దం మీద నీళ్లు పోసి, ఇంట్లోవాళ్లను ఒకరిని స్విచ్చు తిప్పమని చెప్పి, మీరు డిక్కీకి చెవి ఆనించండి. ఏ చప్పుడూ లేకపోతే కరెంటు మోటారు దాకా రావడం లేదన్న అనుమానం బలపడుతుంది. సన్నగా మూలుగుతున్నట్టు శబ్దం వచ్చి వైపర్ కదలకపోతే కరెంటు వస్తోంది, ఇరుసు బిగుసుకుపోయింది. మోటారు హాయిగా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ చెయ్యి మాత్రం కదలకపోతే నట్టు వదులై చెయ్యి జారుతుండాలి, లేదా లోపలి ప్లాస్టిక్ చక్రం పళ్లు ఊడి ఉండాలి. నట్టు వదులు కావడం ఒక్కటే అయితే మీరు అదృష్టవంతులు. టోపీ ఎత్తి బిగిస్తే పని అయిపోతుంది.

మూలుగుడు వినిపించినప్పుడు స్విచ్చును రెండు మూడు సెకన్లకు మించి ఆన్‌లో ఉంచకండి. తిరగలేక నిలిచిపోయిన మోటారు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. చాలా మోటార్లలో వేడెక్కితే తనంతట ఆగి, చల్లారాక మళ్లీ పనిచేసే రక్షణ ఉంటుంది. "కాసేపు పనిచేస్తుంది, కాసేపు చేయదు" అనే ఫిర్యాదుకు ఒక్కోసారి మూలం ఇదే.

ఇదే సమయంలో ఇంకో రెండు సంగతులు గమనించండి. వెనక అద్దానికి నీళ్లు చిమ్మే వైపు లీవరును నొక్కితే చాలా కార్లలో వైపర్ కూడా రెండు మూడు సార్లు ఊగుతుంది. అలాగే కొన్ని కార్లలో ముందు వైపర్లు నడుస్తుండగా రివర్స్ గేరు వేస్తే వెనక వైపర్ తనంతట కదులుతుంది. ఈ రెండు సందర్భాల్లో దేనిలోనైనా కదిలి, మామూలు స్విచ్చుకు మాత్రం కదలకపోతే వెనక భాగాన్ని ఊడదీయవలసిన పని లేదు. తప్పు స్టీరింగ్ పక్కన ఉన్న లీవరు స్విచ్చులో ఉన్నట్టే.

ఫ్యూజు

చప్పుడే లేని కారుకు మొదట చూడవలసింది ఫ్యూజు. స్టీరింగ్ కింద ఒక ఫ్యూజు పెట్టె, బానెట్ కింద ఇంకొకటి ఉండడం మామూలు. ఏ గడిలో వెనక వైపర్ ఫ్యూజు ఉందో ఆ పెట్టె మూత లోపలి వైపు గానీ, కారుతో వచ్చిన పుస్తకంలో గానీ రాసి ఉంటుంది. ఎర్రనిది 10, నీలిది 15, పసుపుపచ్చది 20 ఆంపియర్లు. మాడిన ఫ్యూజు స్థానంలో అదే విలువ ఉన్నదే పెట్టాలి. కొత్త ఫ్యూజు కూడా స్విచ్చు తిప్పగానే మాడితే ఎక్కడో వైరు కారు రేకుకు తగులుతోంది, లేదా మోటారు కదలలేక కరెంటు లాగేస్తోంది. ఆ కోపంలో 10 తీసి 20 పెట్టేవాళ్లు ఉన్నారు. ఫ్యూజు బదులు వైరు మాడుతుంది, అది డిక్కీ లైనింగు వెనక ఎక్కడ మాడిందో వెతకడం ఇంకా పెద్ద పని.

డిక్కీ పైన ముడతల రబ్బరు గొట్టం

డిక్కీ తలుపు పూర్తిగా ఎత్తి, కీళ్ల దగ్గర చూస్తే కారు పైకప్పు నుంచి తలుపులోకి వెళ్లే ముడతల రబ్బరు గొట్టం కనిపిస్తుంది; కొన్ని కార్లకు ఒక పక్కనే, కొన్నింటికి రెండు పక్కలా ఉంటుంది. వైపర్, నంబర్ ప్లేటు బల్బు, పైన ఉండే మూడో బ్రేకు లైటు, డిక్కీ తాళం, అద్దం మంచు కరిగించే గీతలు, వీటన్నిటి వైర్లూ ఈ గొట్టాల్లోంచే పోతాయి. డిక్కీ తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ ఈ వైర్లు ఒకే చోట వంగుతాయి. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి తీగలు ఒకటొకటిగా తెగుతాయి. వైపర్‌తో పాటు నంబర్ ప్లేటు బల్బు కూడా వెలగకపోయినా, డిక్కీని ఎత్తి దించుతుంటే ఏదో ఒక లైటు మిణుకుమిణుకుమన్నా మిగతా పరీక్షలన్నీ పక్కన పెట్టి నేరుగా ఇక్కడికే రండి.

బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేసి, రబ్బరు గొట్టం అంచును రేకు రంధ్రంలోంచి వేళ్లతో జాగ్రత్తగా బయటికి లాగి, వెనక్కి మడవండి. ఇక్కడ కంటిని నమ్మకూడదు. వైరు పైతొడుగు చెక్కుచెదరకుండా ఉండి, లోపల తీగ తెగి ఉండవచ్చు. ఒక్కొక్క వైరునూ రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూడండి. లోపల రాగి ఉన్నది సాగదు, తెగినది ఆ చోట రబ్బరులా సాగుతుంది. అక్కడ బ్లేడుతో తొడుగు చీలిస్తే పచ్చగా చిలుము పట్టి, పొడి పొడిగా రాలే రాగి ముక్కలు కనిపిస్తాయి.

అతుకు వేసేటప్పుడు తెగిన చోటనే రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుట్టడం అందరూ చేసే పని, నెల తిరక్కుండా ఊడిపోయేదీ అదే. వంగే భాగం మొత్తాన్నీ తీసేసి, దాని స్థానంలో అంతే లావు ఉన్న, సన్నని తీగలు చాలా ఉండే మెత్తని ఆటోమొబైల్ వైరు వేయండి. ఇంటి వైరింగుకు వాడే బిరుసు తీగ ఇక్కడ పనికిరాదు. అతుకులు రెండూ గొట్టం వంగే చోట కాకుండా, ఒకటి పైకప్పు లోపలికీ ఇంకొకటి డిక్కీ తలుపు లోపలికీ వచ్చేలా పొడవు చూసుకోండి. టంకం వేసి, ముందుగానే ఎక్కించి ఉంచుకున్న హీట్ ష్రింక్ గొట్టాన్ని (వేడికి ముడుచుకుని బిగిసే సన్న ప్లాస్టిక్ గొట్టం) అతుకు మీదికి జరిపి వేడి చేయండి. నాలుగైదు వైర్లు అతకవలసి వస్తే అతుకులన్నీ ఒకే వరుసలోకి రాకుండా ముందూ వెనకా చేయండి, లేకపోతే ఆ ముడి రబ్బరు గొట్టంలో పట్టదు. వారంటీ ఇంకా ఉన్న కారయితే ఒక్క వైరు కూడా కోయకుండా సర్వీసు సెంటరుకే అప్పగించడం మేలు.

ప్యానెల్ తీసి కరెంటు చూడడం

గొట్టంలో వైర్లు బాగుంటే లోపలి ప్యానెల్ తీయాలి. డిక్కీ మూయడానికి చెయ్యి పెట్టి లాగే గుంటలో ఒకటి రెండు స్క్రూలు దాక్కుని ఉంటాయి; ముందు వాటిని వెతకండి. మిగతా చుట్టూ ఉండేవి ప్లాస్టిక్ క్లిప్పులు. ప్యానెల్ అంచు కింద వెడల్పాటి ప్లాస్టిక్ పలక దూర్చి, క్లిప్పు ఉన్న చోటికి వీలైనంత దగ్గరగా పట్టి, నేరుగా బయటికి లాగండి. మూల పట్టుకుని వంచి లాగితే ప్యానెలే చిట్లుతుంది. ఎంత జాగ్రత్తగా తీసినా ఒకటి రెండు క్లిప్పులు విరగడం మామూలే కాబట్టి, ఆ కారుకు సరిపోయేవి కొన్ని ముందే తెచ్చిపెట్టుకుంటే రాత్రిపూట దుకాణం వెతుక్కోనక్కరలేదు.

మోటారుకు తగిలించిన కనెక్టరు నాలుకను నొక్కి ఊడదీయండి. బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి, తాళం ఆన్ చేసి, స్విచ్చు తిప్పి కనెక్టరులో కరెంటు చూడాలి. ఇక్కడ చాలామంది పొరపడతారు. కొన్ని కార్లలో డిక్కీ తెరిచి ఉంటే వెనక వైపర్‌కు కరెంటే రాదు. కారు డిక్కీ మూసి ఉందనుకోవాలంటే, తాళం కొక్కేన్ని స్క్రూ డ్రైవరుతో తోసి మూసుకున్న స్థితికి తేవాలి. పని అయ్యాక డిక్కీ బటను నొక్కి కొక్కేన్ని తిరిగి విప్పిన తర్వాతే తలుపు దించండి. మరిచిపోయి బలంగా వేస్తే తాళమే విరుగుతుంది.

కరెంటు చూడడానికి మల్టీమీటర్ ఒక్కటే చాలదు. ఇరవై తీగల్లో పందొమ్మిది తెగి ఒక్కటి మిగిలిన వైరులో కూడా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. అదే చోట 21 వాట్ల ఇండికేటరు బల్బు ఒకటి హోల్డరుతో సహా తగిలిస్తే అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి, వైరు బలం అప్పుడు బయటపడుతుంది. బల్బు ప్రకాశంగా వెలిగితే వైరు మంచిదే. ఎర్రగా మిణుకుమంటే దారిలో ఎక్కడో సగం తెగి ఉంది. అయితే ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న మోటార్లకు వెళ్లే సన్నని సంకేతపు వైర్లకు ఈ బల్బు తగిలించకండి. వాటికి మీటరే వాడాలి.

బల్బు రెండో కొసను ముందు కారు రేకుకు, తర్వాత కనెక్టరులోని ఎర్త్ పిన్నుకు తగిలించి చూడండి. జపాన్, కొరియా కంపెనీల కార్లలో ఎర్త్ వైరు సాధారణంగా నలుపు, జర్మన్ కార్లలో గోధుమ రంగు. రేకుకు తగిలిస్తే వెలిగి, ఎర్త్ పిన్నుకు తగిలిస్తే వెలగకపోతే ఎర్త్ పోయినట్టే. డిక్కీ లోపల ఆ వైరును బిగించిన బోల్టు విప్పి, తుప్పు గీకి, మెరిసే లోహం కనిపించేదాకా ఉప్పుకాగితంతో రుద్ది బిగించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగే కార్లకు ఈ ఒక్క పనితోనే వైపర్ మళ్లీ కదలడం వింతేమీ కాదు.

చెయ్యి ఊడదీయడం

కనెక్టరు దాకా కరెంటు సరిగ్గా వస్తుంటే ఇక మోటారును బయటికి తీయాలి, దానికి ముందు వైపర్ చెయ్యి ఊడాలి. ఈ మొత్తం పనిలో ప్రమాదం ఉన్నది ఇక్కడే. వెనక అద్దం వేడిచేసి గట్టిపరిచిన గాజు. అరచేతితో నొక్కితే ఏమీ కాదు గానీ, అంచు మీదో, రంధ్రం పక్కనో మొనదేలిన దెబ్బ ఒకటి తగిలితే మొత్తం అద్దం ఒక్కసారిగా గుళ్లగుళ్లగా రాలిపోతుంది. దాని మీద ఉండే వేడి గీతలతో సహా కొత్త అద్దం కొనాలి. మోటారు ఖర్చు మిగుల్చుకోబోయి ఆ ఖర్చు నెత్తిన వేసుకోకండి.

వైపర్ ఆగి ఉన్న చోట అద్దం మీద టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. చెయ్యి మొదట్లో ఉన్న ప్లాస్టిక్ టోపీ ఎత్తి, నట్టును బాక్స్ స్పానర్‌తో వదులు చేయండి, కానీ పూర్తిగా తీయకండి. రెండు చుట్లు మిగిలి ఉండాలి. అలా ఉంటే చెయ్యి ఊడినప్పుడు ఎగిరి అద్దం మీద పడదు, ఇరుసు మర కూడా దెబ్బతినదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగండి. చాలావరకు కదలదు, ఉక్కు ఇరుసు, అల్యూమినియం చెయ్యి పళ్ల దగ్గర ఒకదానికొకటి కరుచుకుని ఉంటాయి. అప్పుడు బ్యాటరీ టెర్మినళ్లు లాగే చిన్న పుల్లరు ఒకటి తెచ్చి, దాని కొక్కేలు చెయ్యి కిందా, మర ఇరుసు కొస మీదా ఉండేలా పెట్టి మెల్లగా బిగించండి. అద్దం మీద మందపాటి తువ్వాలు పరచండి. స్క్రూ డ్రైవరును అద్దానికి ఆనించి పైకి తన్నడం, సుత్తితో కొట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. చెయ్యిని పక్కలకు బలంగా ఊపడం కూడా మంచిది కాదు, ఆ బలమంతా లోపలి ప్లాస్టిక్ పళ్ల మీద పడుతుంది.

ఇరుసుకు పట్టిన బిగువు

లోపల మోటారును పట్టి ఉంచేవి సాధారణంగా 10 మి.మీ. తల ఉన్న మూడు బోల్టులు. కొన్ని కార్లలో బయట ఇరుసు చుట్టూ ఇంకో పెద్ద నట్టు, రబ్బరు వాషరు ఉంటాయి. నీళ్లు చిమ్మే నాజిల్ ఇరుసు మధ్యలోంచే వచ్చే రకమైతే వెనక ఉన్న సన్న గొట్టాన్ని ముందు ఊడదీయండి. ఆ గొట్టం చుట్టూ తడి మరకలు, మోటారు మీద తెల్లని చారలు ఉంటే బిగుసుకుపోవడానికి కారణం అక్కడే తెలిసిపోతుంది.

మోటారు చేతికి వచ్చాక చాలామంది ఇరుసును వేళ్లతో తిప్పి చూసి, కదలకపోయేసరికి అదే తప్పు అనుకుంటారు. మంచి మోటారులో కూడా ఇరుసు చేతికి తిరగదు. మరచుట్టు చక్రాన్ని తిప్పగలదు గానీ చక్రం మరచుట్టును తిప్పలేదు. బోర్డు లేని మామూలు మోటారయితే మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడండి. చెయ్యి లేకుండా కూడా మూలుగుతూ ఉంటే ఇక పెట్టె విప్పవలసిందే. దాన్ని తట్టితే తిరగడం మొదలుపెట్టే మోటారుకు మాత్రం కార్బన్ బ్రష్షులు అరిగి ఉంటాయి.

పెట్టె మూత స్క్రూలతో ఉంటే విప్పడం సులువు. రివెట్లతో ఉంటే డ్రిల్లుతో తీసి, తర్వాత చిన్న స్క్రూలు వేసుకోవాలి. మూత తీయగానే లోపల ఉన్నది ఉన్నట్టుగా ఫోనులో ఫొటో తీసుకోండి. ఊపే కడ్డీని తీసేసి, బయటి వైపు ఇరుసు మీద ఉన్న సర్‌క్లిప్పు (ఇరుసు జారకుండా పట్టే ఉక్కు క్లిప్పు), వాషర్లు, ఓ-రింగు (నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగు) వరుస తప్పకుండా ఒక గుడ్డ మీద పేర్చండి. ఇరుసు మెడలో స్ప్రే కొట్టి, వీలైతే రాత్రంతా వదిలేయండి. మర్నాడు నట్టును ఇరుసు కొసకు సమంగా ఎక్కించి, దాని మీద చెక్క ముక్క పెట్టి చిన్న చిన్న దెబ్బలతో లోపలికి తోయండి. మొదటి రెండు మిల్లీమీటర్లే మొండికేస్తాయి. తర్వాత ఇరుసు వదులవుతుంది, దాని వెంటే తెల్లటి పొడి, ముద్దగా ఎండిపోయిన పాత గ్రీజు బయటికి వస్తాయి. ఆ పొడి అల్యూమినియం చిలుము. వాటర్ సర్వీసింగ్‌లో ఇరుసు మీదికి నేరుగా కొట్టిన నీటి ధార ఓ-రింగును దాటి లోపలికి వెళ్లి, ఎండలో ఎండి, మళ్లీ వానకు నాని, ఇరుసుకూ మెడకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందును నింపేస్తుంది. మోటారుకు మాత్రం ఏ లోపమూ ఉండదు.

ఇరుసును 400 నంబరు ఉప్పుకాగితంతో, తర్వాత 600తో, గుండ్రంగా తిప్పుతూ నున్నగా చేయండి. మెడ లోపలికి అదే కాగితాన్ని పెన్సిలుకు చుట్టి వాడవచ్చు. చిలుము పోతే చాలు. లోహాన్ని అరగదీస్తే ఇరుసు వదులై ఊగిసలాడుతుంది, నీళ్లకు ఇంకా పెద్ద దారి ఏర్పడుతుంది. గుడ్డతో పొడి అంతా తుడిచి, ఇరుసుకు లిథియం గ్రీజు పట్టించి, కొత్త ఓ-రింగుకు కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి కూర్చోబెట్టండి. పాత ఓ-రింగు చూడడానికి బాగున్నా మార్చేయడమే నయం. దాని ధర ఎంతో కాదు, మళ్లీ ఇంత పనీ చేయడమే కష్టం. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలను మాత్రం గ్రీజుకు బదులు అనుకోకండి. అవి బిగువును వదిలిస్తాయి గానీ ఎక్కువ కాలం నిలవవు, ఇరుసు మళ్లీ పట్టేస్తుంది.

మూత తెరిచి ఉన్నప్పుడే పళ్ల చక్రాన్ని వెలుగులో తిప్పి చూడండి. పళ్లు ఊడితే ఆ చక్రం ఒక్కటే విడిగా దొరకడం కష్టం, మోటారు మొత్తం మార్చుకోవలసి వస్తుంది. పార్కింగ్ కాంటాక్టు రాగి రేకుల మీద గ్రీజు నల్లగా గడ్డకట్టి ఉంటే కాంటాక్టు క్లీనరుతో శుభ్రం చేయండి. వైపర్ స్విచ్చు ఆపగానే ఎక్కడ ఉంటే అక్కడే నిలిచిపోతోందన్నా, ఆపినా ఆగకుండా ఊగుతూనే ఉందన్నా ముందుగా అనుమానించవలసింది ఈ రేకులనే. ఆగకపోవడానికి రిలే (కరెంటును కలిపి విడదీసే చిన్న విద్యుత్ స్విచ్చు) అతుక్కుపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

తిరిగి బిగించడం

మోటారును దాని చోట పెట్టే ముందు, ఇరుసు బయటికి వచ్చే రంధ్రానికి ఉన్న రబ్బరు వాషరును చూడండి. ఎండకు పగుళ్లు పడి ఉంటే కొత్తది వేయకుండా ముందుకు పోకండి. బోల్టులు బిగించి, కనెక్టరు తగిలించి, చెయ్యి ఇంకా ఎక్కించకుండానే స్విచ్చు ఒకసారి ఆన్ చేసి ఆపండి. అప్పుడు ఇరుసు తన పార్కింగ్ స్థానానికి వచ్చి ఆగుతుంది. ఆ తర్వాతే చెయ్యిని టేపు గుర్తుకు సరిగ్గా సరిపోయేలా పళ్ల మీద కూర్చోబెట్టి నట్టు బిగించాలి. ఈ వరుస తప్పితే వైపర్ అద్దం వదిలి రేకును కొడుతుంది, లేదా సగం అద్దమే తుడుస్తుంది. నట్టును చేతి బలమంతా పెట్టి బిగించవద్దు, ముఖ్యంగా ఇరుసు అద్దంలోంచే వచ్చే కార్లలో.

ప్యానెల్ ఇప్పుడే వేసేయకండి. డిక్కీ మూసి, బయట నుంచి పైపుతో మామూలు వేగంలో నీళ్లు ఇరుసు చుట్టూ ఐదు నిమిషాలు పోసి, తలుపు ఎత్తి లోపల వేలితో తడిమి చూడండి. తడి తగిలితే వాషరు సరిగ్గా కూర్చోలేదు. పొడిగా ఉంటే, అద్దం తడిగా ఉండగానే వైపర్‌ను కాసేపు నడిపి, అప్పుడు క్లిప్పులు నొక్కండి. పొడి అద్దం మీద మాత్రం ఎప్పుడూ పరీక్షించవద్దు.

నీళ్లు చిమ్మే భాగం గురించి కొద్దిగా. చాలా కార్లలో ముందు అద్దానికీ వెనక అద్దానికీ ఒకే పంపు ఉంటుంది. అది ఒక దిశలో తిరిగితే ముందుకు, ఎదురు దిశలో తిరిగితే వెనక్కు నీళ్లు పోతాయి. కాబట్టి ముందు చిమ్ముతూ వెనక చిమ్మకపోతే పంపు మోటారు బాగానే ఉన్నట్టు. గొట్టాన్నీ నాజిల్‌నూ చూడాలి. గొట్టం కారు పొడవునా సాగి, డిక్కీ దగ్గర అదే ముడతల రబ్బరులోంచి వెళ్తుంది, అక్కడి అతుకు జారితే పైకప్పు లైనింగు తడుస్తుంది. బోరు నీళ్లు పోసే ఇళ్లలో నాజిల్ సున్నపు పొరతో మూసుకుపోతుంది. సన్నని సూదితో పొడిచి, ఇకమీదట ఫిల్టరు నీళ్లు పోయండి.

బ్లేడు రబ్బరు ఎండకు గట్టిపడితే చారలు మిగులుతాయి, మోటారు మీద భారమూ పెరుగుతుంది. పాత బ్లేడు పొడవు కొలుచుకుని, దాని కొక్కెం ఆకారాన్ని కూడా దుకాణంలో చూపించి కొనండి, వెనక బ్లేళ్ల కొక్కేలు కారు కారుకూ మారుతాయి. అద్దం బయటి వైపు దేవుడి పేరో పిల్లల పేర్లో స్టిక్కరుగా అంటించుకున్నవారు అది వైపర్ తిరిగే దారిలో లేకుండా చూసుకోవాలి. ప్రతిసారీ దాని అంచు తగిలి రబ్బరు కోసుకుపోతుంది.

ఇవన్నీ చేసినా మోటారు తిరగకపోతే, లేదా చక్రం పళ్లు పోయాయని తేలితే కొత్తది కొనాలి. అప్పుడు కారు పేరు, సంవత్సరం చెప్పి ఊరుకోకుండా పాత మోటారునే వెంట తీసుకెళ్లండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత కార్ల నుంచి తీసినవి కూడా దొరుకుతాయి; అలాంటిది తీసుకునేటప్పుడు కనెక్టరు పిన్నులు, ఇరుసు పొడవు, దాని పళ్లు, బోల్టు రంధ్రాల మధ్య దూరం పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. దుకాణంలోనే బ్యాటరీకి తగిలించి తిప్పి చూపించమనండి, ఇరుసు మెడ దగ్గర తెల్లటి పొడి ఉంటే దాన్ని అక్కడే వదిలేసి రండి.